2 పవర్ 31 మైనస్ 1 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేని రోజుల్లో ఎలా తేల్చారు?

ఈ ప్రశ్న చూడగానే నాకు విజయవాడలో ఇంటర్ చదివిన రోజులు గుర్తొచ్చాయి. ఒక వీక్లీ టెస్టులో ఈ బిట్ ఇచ్చారు: p ప్రధాన సంఖ్య అయితే 2 పవర్ p మైనస్ 1 కూడా ప్రధాన సంఖ్యే, తప్పా ఒప్పా? 2, 3, 5, 7 వేసి చూస్తే 3, 7, 31, 127 వస్తాయి. నాలుగూ ప్రధాన సంఖ్యలే. నా పక్కనవాళ్లంతా ఒప్పు పెట్టేశారు. నాకు మనసొప్పక 11 కూడా వేశాను. 2047 వచ్చింది. రఫ్ పేపర్ మీద 3, 7, 11, 13 అంటూ వరసగా భాగించుకుంటూ పోతే 23 దగ్గర శేషం సున్నా. 23 ఇంటూ 89!

తప్పు అని పెట్టాను. కీలో ఒప్పు అని ఉంది, నెగెటివ్ మార్కు పడింది. పేపర్ పట్టుకుని వెళ్తే సారు నా లెక్క వైపు చూడనైనా చూడలేదు. "కీలో ఏముంటే అదేనమ్మా. ఒక్క బిట్టుకి ఇంతసేపు కూర్చుంటే ర్యాంకేం వస్తుంది?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మన గుంటూరు, విజయవాడ పిల్లలకి లెక్కలు బాగా వచ్చంటారు. వాళ్లకి మనం నేర్పుతున్నది వేగం ఒక్కటే.

ఆ రాత్రి హాస్టల్లో 23, 89లనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కోదాంట్లోంచి 1 తీసేస్తే 22, 88. రెండూ 22తో పోతాయి, అంటే 11కి రెట్టింపుతో. అది ఎప్పుడూ అంతేనని తర్వాత తెలిసింది. p బేసి ప్రధాన సంఖ్య అయితే, 2 పవర్ p మైనస్ 1ని భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 2p గుణిజానికి 1 కలిపితే వచ్చేదే.

మీరడిగిన 2 పవర్ 31 మైనస్ 1, అంటే 2147483647 కూడా ఈ దారిలోనే తేలింది. దాని వర్గమూలం 46340 పైచిలుకు. భాగించే ప్రధాన సంఖ్య ఉందేమోనని అక్కడిదాకా వెతికితే చాలు, కానీ అక్కడికే నాలుగు వేలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ వాటన్నిటి జోలికీ పోలేదు. భాగించే ప్రధాన సంఖ్యని 62తో, అంటే 31కి రెట్టింపుతో భాగిస్తే 1 మిగలాలి. ఇలాంటిదే ఇంకో నియమం ప్రకారం 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవాటిని చూస్తే చాలు. వాటిలో ఒక్కదానితోనూ పోదని 1772లో తేల్చాడు.

2024లో దొరికిన ప్రధాన సంఖ్య 2 పవర్ 136279841 మైనస్ 1 గురించి చెప్పేవాళ్లు 4,10,24,320 అంకెలున్నాయని చెప్పి ఆపేస్తారు. అంకెలు లెక్కపెట్టడంలో ఏముంది? ఏ సంఖ్య దాన్ని భాగించగలదు, ఏది భాగించలేదు అన్న దాంట్లోనే అందమంతా ఉంది.

ఇప్పుడు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెబుతుంటాను. మొన్న ఎనిమిదో తరగతి పాపకి 2 పవర్ 23 మైనస్ 1, అంటే 8388607 ఇచ్చాను. టైమ్ పెట్టలేదు. 46కి 1 కలిపి 47 రాసుకుంది, అరపేజీ భాగహారం చేసింది, తలెత్తి "ఆంటీ, మొదటిదానితోనే పోయింది!" అని అరిచింది.