ఆ గురకను ఊపిరి అనుకున్నాను

"ఫస్ట్ ఎయిడ్ అందరూ నేర్చుకోవాల్సిన అవసరం ఉందా? డాక్టర్లున్నారు, 108 ఉంది. సగం సగం తెలిసి చేయి పెడితే ఉన్న ప్రాణం కూడా పోదా?" అని అడిగారు. ఆ రెండో మాట ఒకప్పుడు నేనూ అనుకున్నదే. అందుకే ముందు నాకు జరిగింది చెబుతాను.

మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరులో, హొరమావు దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా బిల్డింగులో తెలుగువాళ్లు ఎక్కువ. మా కింది ఫ్లోర్‌లో కదిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య ఉండేవాళ్లు. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. నేను వాళ్లను చిన్నాయన, పిన్నమ్మ అని పిలిచేదాన్ని. ఊరి నుంచి చెనక్కాయలు వస్తే నాకో సంచి విడిగా తీసిపెట్టేవాళ్లు.

2018 డిసెంబర్‌లో ఒక ఆదివారం, పొద్దున ఆరున్నర దాటింది. చిన్నాయన రోజూలాగే కింద పార్కింగ్ చుట్టూ నడుస్తున్నారు. నేను పాల ప్యాకెట్ కోసం దిగాను. కార్ల మధ్య ఏదో పడ్డ చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆయన వెల్లకిలా పడి ఉన్నారు. ఒక చెప్పు కాలికుంది, ఇంకొకటి దూరంగా పడింది.

నేను అరిచిన రెండు నిమిషాల్లో పది మంది వచ్చారు. ఒక్కరు కూడా మొహం తిప్పుకుని పోలేదు. అందరూ ఏదో ఒకటి చేశారు. వాచ్‌మన్ చెంబుతో నీళ్లు తెచ్చి మొహాన కొట్టాడు. ఫిట్స్ ఏమోనని ఒకాయన తన బండి తాళాలు తీసి చిన్నాయన గుప్పిట్లో పెట్టి మూశాడు. ఇంకొకామె ఆయన తల ఒళ్లో పెట్టుకుని నోట్లో నీళ్లు పోసింది. ఆ నీళ్లు లోపలికి పోలేదు, పెదవుల పక్క నుంచి మెడ మీదికి కారాయి. ఇద్దరు కుర్రాళ్లు అరికాళ్లు రుద్దారు.

నేను పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆయన నోరు తెరుచుకుని ఉంది. ఉండుండి గొంతులోంచి గురక లాంటి శబ్దం వస్తోంది. ఒకటి వచ్చాక చాలాసేపు ఏమీ ఉండదు, మళ్లీ ఇంకొకటి. ఆ శబ్దం విని నేనే అన్నాను, "ఊపిరి ఉంది, ఊపిరి ఉంది, భయపడకండి" అని. ఆ మాటతో అందరూ కొంచెం తేరుకున్నారు. ఇక అంబులెన్స్ వస్తే చాలనుకున్నాం.

అంబులెన్స్ రావడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. తప్పు వాళ్లది కాదు. ముగ్గురం మూడు ఫోన్లు చేసి, మూడు భాషల్లో, మూడు రకాల గుర్తులు చెప్పాం. ఒకరు గుడి దగ్గరన్నారు, ఒకరు రైల్వే గేటన్నారు, ఒకరు సూపర్‌మార్కెట్ వెనకాలన్నారు. వాళ్లు వచ్చేసరికి ఆ గురక కూడా ఆగిపోయి ఉంది. ఆస్పత్రిలో ఏం చెప్పారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ శబ్దం ఏమిటో నాకు ఏడాది తర్వాత, ఒక శనివారం ట్రైనింగ్ క్లాసులో తెలిసింది. గుండె ఉన్నట్టుండి ఆగిపోయినా మెదడు అడుగు భాగం కొద్దిసేపు పనిచేస్తూనే ఉంటుందట. అది అప్పుడొకటి అప్పుడొకటిగా గాలి లాగిస్తుంది. నోరు చేపలా తెరుచుకుంటుంది, గురకలా వినిపిస్తుంది. చాలామందిలో మొదటి కొన్ని నిమిషాలు ఇలాగే ఉంటుంది. అది ఊపిరి కాదు. మనిషి పిలిస్తే పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీసుకోవడం లేదు అంటే గుండె ఆగిందనే అనుకుని వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ట్రైనర్ ఒక వీడియోలో ఆ శబ్దం వినిపించాడు. నేను క్లాసు నుంచి లేచి బయటికి వచ్చేశాను. మెట్ల మీద పావుగంట కూర్చుని మళ్లీ లోపలికి వెళ్లాను.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మనవాళ్లలో దయకు కొదవ లేదు. ఎవరైనా పడిపోతే మన చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి చేసేస్తాయి. తెలియకపోతే అవి నీళ్లు పోస్తాయి, తాళాలు పెడతాయి, లేపి కూర్చోబెడతాయి. "సగం తెలిసి చేయి పెడితే" అని మీరు భయపడుతున్నారు కానీ, ఏమీ తెలియని పది మంది చేతులు ఆ రోజు ఆయన ఒంటి మీద ఉన్నాయి. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకోవడంలో సగం పని ఏం చేయకూడదో తెలుసుకోవడమే.

ఇక డాక్టర్ల విషయం. గుండె ఆగాక మెదడుకు రక్తం అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ ఛాతీ నొక్కకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 108 మన దగ్గరే పుట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, 2008లో కర్ణాటకకూ వచ్చింది. ఎంతో మందిని కాపాడింది, దాని మీద నాకు గౌరవం. కానీ సాయంత్రం ఆరున్నరకు బెంగళూరులో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో, సిల్క్ బోర్డు దగ్గరో ట్రాఫిక్‌లో ఎప్పుడైనా ఇరుక్కున్నారా? ఎంత మంచి డ్రైవరైనా నాలుగు నిమిషాల్లో ఎలా వస్తాడు? ఆ నాలుగు నిమిషాలూ పక్కన ఎవరుంటే వాళ్లవే.

క్లాసులో విని నేను ఆశ్చర్యపోయిన సంగతి ఒకటుంది. ఛాతీ నొక్కితే ఆగిన గుండె నుంచి కూడా రక్తం నడుస్తుందని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ముగ్గురు కలిసి లోకానికి చూపించారు. వాళ్లలో కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీర్! దీనికి కావలసింది రెండు చేతులే, ఎవరైనా ఎక్కడైనా చేయొచ్చని వాళ్లు అప్పుడే రాశారు. "ఇది డాక్టర్ల పని, మనకెందుకు" అనేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను. ఇంజనీర్లకు కరువు లేని ఊరు కదా ఈ బెంగళూరు.

పని చెప్పడానికి తేలికే. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగం పెట్టాలి, దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంచకుండా, భుజాల బరువుతో 5 నుంచి 6 సెంటీమీటర్లు లోపలికి నొక్కాలి, ప్రతిసారీ పూర్తిగా పైకి రానివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. పెద్దవాళ్లు మన కళ్ల ముందే హఠాత్తుగా కూలిపోతే, నోట్లో ఊదడం రాకపోయినా ఒట్టి చేతులతో నొక్కినా చాలు. పిల్లలకీ, నీళ్లలో మునిగినవాళ్లకీ మాత్రం ఊపిరి ఊదడం కూడా ముఖ్యం. ఇదంతా చదివి అర్థమైందనుకుంటాం. క్లాసులో ఉండే మనిషి బొమ్మ మీద చేసి చూడండి. రెండు నిమిషాలకే నా చేతులు వణికాయి, లోతు తగ్గిపోయింది. అందుకే ఇద్దరుంటే రెండు నిమిషాలకోసారి మారాలి. ఇంకోటి, తెలుగులో ముప్పై దాకా లెక్కపెడుతూ నొక్కలేం. "ఇరవై ఒకటి, ఇరవై రెండు" అనేలోపే వేగం తగ్గిపోతుంది. ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు అనుకుంటే సరిపోతుంది. ఇది మా క్లాసులో మేం తెలుగువాళ్లం కలిసి కనిపెట్టుకున్న ఉపాయం.

పక్కటెముక విరిగితే? విరగొచ్చు. అతుక్కుంటుంది. గుండె ఆగిన మనిషికి అంతకంటే జరగగల నష్టం ఇంకేం ఉంటుంది? ఒకవేళ ఆ మనిషికి అవసరం లేకపోతే కదులుతాడు, మూలుగుతాడు, మీ చెయ్యి నెట్టేస్తాడు. అప్పుడు ఆపేస్తారు, అంతే.

నేర్చుకున్నది నాకు అక్కరకొచ్చిన రోజు వేరే రకంగా వచ్చింది. మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్. ఆఫీసులో మా టీమ్‌లో ఒక నెల్లూరు అబ్బాయి, బిరియాని తింటూ నవ్వుతూ ఏదో చెబుతున్నవాడు సగం మాటలో ఆగిపోయాడు. మనకు పొలమారితే ఏం చేస్తారు? మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు, నీళ్ల గ్లాసు అందిస్తారు. వడ్డించే అన్న సరిగ్గా అదే చేశాడు. కానీ వీడికి దగ్గు లేదు. శబ్దమే లేదు. రెండు చేతులూ గొంతు దగ్గరికి పోయాయి, కళ్లు పెద్దవయ్యాయి. దగ్గు వస్తున్నంతసేపూ లోపలికి గాలి పోతున్నట్టే, గట్టిగా దగ్గమని ధైర్యం చెబితే చాలు. దగ్గు లేని పొలమారడమే ప్రమాదం.

"తమ్ముడూ, మాట వస్తోందా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. గ్లాసు పక్కకు తోసేసి, వాణ్ని ముందుకు వంచి, రెండు భుజం ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు కొట్టాను. రాలేదు. వెనక నిలబడి, బొడ్డుకు కొంచెం పైన గుప్పిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికీ పైకీ ఒక్కసారిగా లాగాను. మూడోసారికి చికెన్ ముక్క ఆకులో పడింది. పడ్డాక వాడు పీల్చిన గాలి శబ్దం మెస్ అంతా వినిపించింది. పొట్ట మీద అలా లాగితే లోపల దెబ్బ తగిలే అవకాశం ఉంటుంది కాబట్టి తర్వాత డాక్టరుకు కూడా చూపించాం. ఏడాదిలోపు పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద తట్టడం, తిప్పి ఛాతీ నొక్కడం వాళ్లకు వేరే ఉంది, అది కచ్చితంగా బొమ్మ మీద నేర్చుకోండి. గర్భిణులకూ పొట్ట బదులు ఛాతీ మీదే నొక్కాలి.

ఆ సాయంత్రం వాళ్లమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నువ్వు అన్నం తిన్నావా అమ్మా?" అంది.

మిగతావి చిన్నవనిపిస్తాయి కానీ ఇంట్లో రోజూ అవసరం పడేవి అవే. మా వంటావిడ చేతి మీద నూనె చిందితే నేను వెళ్లేసరికి టూత్‌పేస్ట్ పూసేసి ఉంది. కడిగించి, వాపు రాకముందే గాజులు తీయించి, కుళాయి కింద ఇరవై నిమిషాలు గడియారం చూసి మరీ ఉంచాను. ఇరవై నిమిషాలు చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది. అయినా ఉంచాలి. ఐసు వద్దు, నెయ్యి వద్దు, పసుపు వద్దు. ఫిట్స్ వస్తే తాళాలు, ఉల్లిపాయ, చెప్పు ఏవీ అక్కర్లేదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. తల కింద మెత్తగా ఏదైనా ఉంచి, కొట్టుకోవడం తగ్గాక పక్కకు తిప్పి, టైము చూడాలి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి.

పోలీసు కేసు అవుతుందనే భయం ఇంకా చాలామందిలో ఉంది. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లకు 2016లో సుప్రీంకోర్టు రక్షణ ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేస్తే ఆ మనిషి దక్కకపోయినా మీ మీద కేసు ఉండదు. పేరు, అడ్రసు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు. కాబట్టి బండి ఆపండి.

రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లు శిక్షణ ఇస్తారు. చాలా పెద్ద ఆస్పత్రులు కూడా అపార్ట్‌మెంట్లకు వచ్చి నేర్పుతాయి, అడగాలంతే. ఒక్కసారి నేర్చుకుని వదిలేస్తే చేతులు మర్చిపోతాయి, ఒకటి రెండేళ్లకోసారి మళ్లీ చేయండి.

మా బిల్డింగులో మొదటి క్లాసు పెట్టించినప్పుడు పిన్నమ్మ వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. చివరి కుర్చీలో కూర్చుని అంతా విన్నది. అందరూ అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "ఆ పొద్దు మీ చిన్నాయనకు ఇట్లా చేసింటే బతికేవాడా?" అనడిగింది. "చెప్పలేను పిన్నమ్మా. ఒక అవకాశం ఉండేది. ఊపిరి ఉందని చెప్పింది నేనే, నాకు తెలీలేదు" అన్నాను. అన్నేళ్లలో ఆ మాట ఆమెతో చెప్పడం అదే మొదటిసారి. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, కొంగు నడుముకు దోపుకుని, బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో పూజలో కూడా కింద కూర్చోని మనిషి.

ఇప్పుడు మా లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. 108కి చెప్పాల్సిన అడ్రసు, ఏ గేటు లోంచి రావాలో కన్నడంలో పెద్దక్షరాలతో రాశాం. కింద ఏం చేయాలో కన్నడం, తెలుగు, హిందీలో ఉంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లను దాని ముందుకు తీసుకొచ్చి చదివించేది పిన్నమ్మే. తెలుగులో మొదటి వరుస ఆమె చెప్పి రాయించింది: "గురక వినపడితే ఊపిరి అనుకోవద్దండి."