ఇంట్లో చిన్న బ్రాంచ్ లైన్ మోడల్ రైల్వే కట్టాలంటే ముందు ఏ కంపెనీ ఇంజన్ కొనాలి?

హాల్లో గోడ పక్కన ఎనిమిది అడుగుల చోటుంది, హెచ్ఓ సైజులో చిన్న బ్రాంచ్ లైన్ కట్టాలనుంది, మొదట ఏ కంపెనీ ఇంజన్ కొనాలి అని అడిగారు. ఇంజన్ సంగతి చివర్లో చెప్తాను. ఇప్పుడే మాత్రం కొనకండి. ఇంజన్ ముందు కొన్నవాళ్ళు నాకు తెలిసి అందరూ చేసే పని ఒక్కటే. పెట్టెలో వచ్చిన వంకర పట్టాలు గుండ్రంగా పరిచి, ఇంజన్ని గిరగిరా తిప్పుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. వారం తిరక్కుండా అందరికీ విసుగొస్తుంది, పెట్టె అటక మీదికి పోతుంది. ఆ తర్వాత "మోడల్ రైల్వే ఖరీదైన హాబీ అండీ, మనకి కుదరదు" అని పక్కవాళ్ళని కూడా నిరుత్సాహపరుస్తారు.

నా దృష్టిలో గుండ్రటి లైన్ రైల్వే కాదు. బండి ఎక్కడి నుంచో రావాలి, ఎందుకో రావాలి, వచ్చాక ఏదో పని చేసి వెనక్కి పోవాలి. ఎనిమిది అడుగుల్లో ఇదంతా కుదురుతుంది. లైను చివరి స్టేషన్ ఒక్కటి కడితే చాలు. మిగతా ప్రపంచమంతా ఒక ఫిడిల్ యార్డ్‌లో దాక్కుంటుంది. నాటకంలో తెర వెనక గది ఎలాంటిదో ఇదీ అలాంటిదే. బండి ఒక రోడ్డు వంతెన కిందో చెట్ల గుంపు వెనకో మాయమై అక్కడికి చేరుతుంది, మీరు చేత్తో పెట్టెలు మార్చి మళ్ళీ పంపిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇరుకు ఇళ్ళలో ఉన్న ఇంగ్లండ్ హాబీవాళ్ళు ఈ పద్ధతిని బాగా వాడకంలోకి తెచ్చారు. మన అపార్టుమెంట్లకి సరిగ్గా సరిపోతుంది.

మాది తెనాలి వైపు. కాబట్టి నాకు బ్రాంచ్ లైన్ అంటే తెనాలి-రేపల్లె లైనే. 34 కిలోమీటర్లు, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే రోజుల్లో, 1916లో వేసింది. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ వెళ్ళి రేపల్లెలో ఆగిపోతుంది. ముందుకి దారి లేదు. చిన్నప్పుడు అమ్మమ్మ గారింటికి వెళ్ళినప్పుడు నేను బండి దిగి అసలు కదిలేవాణ్ణి కాదు. ఇంజన్ విడిపోయి, ముందుకెళ్ళి, పక్క లైన్లోంచి వెనక్కొచ్చి, రెండో చివర తగులుకునేదాకా చూడాలి. మావయ్య సామాన్లు పట్టుకుని "రారా, ఎండ" అని అరుస్తూనే ఉండేవాడు. ఇప్పటి మెము బళ్ళకి రెండు వైపులా డ్రైవర్ క్యాబ్ ఉంటుంది, డ్రైవర్ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళ్తే సరిపోతుంది. ప్రయాణికులకి మంచిదే, మోడల్ కట్టేవాళ్ళకి మాత్రం నష్టం. ఇంజన్ అటు మార్చే ఆ తతంగమే మీ లేఅవుట్‌కి ప్రాణం. అందుకే కాలం కూడా ముందే నిర్ణయించుకోండి: కరెంటు తీగలు రాకముందు, డీజిల్ ఇంజన్ల కాలం. స్తంభాలు, తీగలు కట్టే చాకిరీ మొత్తం తప్పుతుంది.

ఇక లెక్క. హెచ్ఓ అంటే అసలు సైజులో 87వ వంతు. మద్రాసు ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో చేసిన పాత నీలం పెట్టె బఫర్ల మధ్య 22.3 మీటర్లు, అంటే మోడల్లో 256 మిల్లీమీటర్లు. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ సుమారు 197. ఇంజన్, మూడు పెట్టెలు కలిపితే మీటరుకి కాస్త తక్కువ. అసలు బండికి పద్దెనిమిది పెట్టెలుంటే అవి ఒక్కటే నాలుగున్నర మీటర్లు మింగేస్తాయి, కాబట్టి మూడుతో సర్దుకోవాలి. మా మేనల్లుడు వందే భారత్ పెట్టమని ఒకటే గోల. పదహారు పెట్టెల వందే భారత్ 384 మీటర్లు. హెచ్ఓలో అది హాల్లో మొదలై వంటింట్లో తేలుతుంది.

చివర ఇంజన్ నిలబడే ముక్కకి 250 మిల్లీమీటర్లు, ఒక పాయింటుకి (పట్టా రెండుగా చీలే చోటు) 185, ఇంజన్ వెనక్కొచ్చే పక్క లైను, అంటే లూప్‌కి నాలుగడుగులు, మళ్ళీ పాయింటుకి 185. మొత్తం ఆరడుగులు. మీ ఎనిమిదిలో ఇంకా రెండడుగులు మిగులుతాయి, అందులో కాలవ మీద చిన్న వంతెన వేసుకోవచ్చు. ఫిడిల్ యార్డ్ విడిగా, ఆడేటప్పుడు తగిలించి తర్వాత తీసేసేలా పెట్టండి. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో ఎల్ ఆకారం యాంగిల్ దొరుకుతుంది. రెండు ముక్కల్ని చక్రాల వెడల్పుకి ప్లైవుడ్ పట్టీ మీద బిగిస్తే అదే పట్టా, అదే ట్రే. బండి దాని మీదికొచ్చాక మొత్తం ఎత్తి అటూ ఇటూ తిప్పి పెట్టొచ్చు. విదేశాల నుంచి పాయింట్లు తెప్పించుకునే ఖర్చు అంతమేరకు మిగిలినట్టే.

చెక్క విషయంలో ఒక మాట. ప్లైవుడ్ 8×4 అడుగుల షీటుగా వస్తుంది కాబట్టి అందరూ షీటంతా ఒకే బల్లగా వేసేస్తారు. అవతలి అంచు చేతికందదు, మధ్యలో బండి పడితే బల్ల ఎక్కి తీయాలి. నిలువునా కోయించండి. పద్దెనిమిది అంగుళాల పట్టీలు రెండు, పన్నెండు అంగుళాలది ఒకటి వస్తాయి. ఒకటి స్టేషన్‌కి, ఒకటి తర్వాత పెంచుకోవడానికి, చిన్నది ఫిడిల్ యార్డ్‌కి. కార్పెంటర్‌కి ఇదంతా చెప్తే "టీవీ యూనిట్టే కదా సార్, సన్‌మైకా వేసేద్దాం" అంటాడు. వద్దని గట్టిగా చెప్పండి. మాకు చెప్పే వ్యవధి కూడా ఇవ్వకుండా డ్రాయర్లు కూడా చేసిపెట్టాడు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మా కింది ఫ్లాట్‌లో ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ గారున్నారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ డబ్బుల కోసం ఒక ఆదివారం పైకి వచ్చారు. అప్పటికి లైన్ వేయడం అయింది, ప్లాట్‌ఫాం కూడా లేదు. మామూలుగా మా ఇంటికొచ్చేవాళ్ళు "పిల్లలకా?" అంటారు. నాకు యాభై దాటాయి, మా అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు, అయినా అదే ప్రశ్న. ఈయన అలా అనలేదు. కళ్ళజోడు సర్దుకుని, వంగి, పట్టాల మధ్య బొటనవేలు పెట్టి చూశారు.

"ఇది మన గేజి కాదే?" అన్నారు.

నిజమే. అమ్మే హెచ్ఓ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 87తో గుణిస్తే 1435, అంటే స్టాండర్డ్ గేజి. మన బ్రాడ్ గేజి 1676, దానికి 19 పైన ఉండాలి. అదంతా చెప్పాను. "అంటే మీరు వేసింది హైదరాబాద్ మెట్రో లైనన్నమాట" అని నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. డబ్బుల రసీదు పుస్తకం పక్కన పెట్టేశారు.

"ఫౌలింగ్ మార్క్ ఎక్కడయ్యా?"

రెండు లైన్లు ఒకదాన్నొకటి కలిసే చోట, ఇది దాటి బండి నిలబడితే పక్క లైన్లో వెళ్ళే బండికి తగులుతుంది అని చెప్పే గుర్తు అది. ఆయన ఒక పెట్టెని ఒక లైన్లో, ఇంకోదాన్ని పక్క లైన్లో పెట్టి, మెల్లగా చేత్తో తోస్తూ, రెండూ రాసుకునే చోటు పట్టుకున్నారు. మా ఆవిడని అడిగి అగ్గిపుల్ల తెప్పించి విరిచి అడ్డంగా పెట్టారు. రెండో చివరా అంతే. తర్వాత టేపు తీసుకుని రెండు పుల్లల మధ్య కొలిచారు. "పాయింటు నుంచి పాయింటుకి కొలిచి నాలుగడుగులంటే కుదరదు. బండి నిలబడే చోటు ఇదీ. దీన్నే సీఎస్ఆర్, క్లియర్ స్టాండింగ్ రూమ్ అంటాం." ఇంజన్, మూడు పెట్టెలు పెట్టి చూస్తే ఇంకా బెత్తెడు మిగిలింది. "పర్లేదు, పాసయ్యారు" అన్నారు.

అక్కడితో వెళ్తారనుకున్నాను. ఇంజన్ తీసి నడపబోతే చెయ్యి పట్టుకున్నారు. "లైన్ క్లియర్ ఎవరిచ్చారు?" లైను ఖాళీగా ఉంది, బండి పంపొచ్చు అని అవతలి స్టేషన్ ఇచ్చే అనుమతి అది. ఆటకే కదా మాస్టారూ అన్నాను. ఆయన నవ్వలేదు. ఇలాంటి చివరి లైన్లో, ఒక్క బండే లోపల ఉండాలి, అది బయటికి వచ్చేదాకా రెండోది వెళ్ళకూడదు అనే పద్ధతి ఒకటుంది, వన్ ట్రైన్ ఓన్లీ అంటారు, దానికి సిగ్నళ్ళ హంగామా పెద్దగా అక్కర్లేదు, మీరు అది పెట్టుకోండి అని రసీదు వెనక రాసిచ్చారు. తర్వాత ఇంజన్ విడదీయడం, ముందుకు లాగడం, పాయింటు మార్చడం, లూప్‌లోంచి వెనక్కి రావడం, తగిలించడం, అన్నీ ఆయన చెప్పిన వరసలో, చెప్పినంత నెమ్మదిగా చేశాను. ఒకచోట కాస్త స్పీడు పెంచితే "ప్యాసింజర్లు టీ ఒలకబోసుకుంటారు" అన్నారు. తగిలించాక బ్రేక్ చూడాలి అని కాసేపు ఆపించారు. బ్రేకులే లేవు కదా అంటే "గార్డుకి టైం ఇవ్వాలి కదయ్యా" అన్నారు. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళావిడ ఫోన్ చేసేదాకా కదల్లేదు. అసోసియేషన్ డబ్బులు తీసుకోవడం మర్చిపోయి సాయంత్రం మళ్ళీ వచ్చారు, అప్పుడు టైంటేబుల్ కూడా తెచ్చారు. పొద్దున ప్యాసింజరు, తర్వాత ఎరువుల వ్యాగన్లు, సాయంత్రం ప్యాసింజరు.

అందుకే అంటున్నాను, ఏ కంపెనీ అన్నది పెద్ద విషయం కాదు. బండికి పని ఉండాలి. వ్యాగన్లతో ఆడటం ఇంకా సరదా కావాలంటే ఇంగ్లండ్‌లో అలన్ రైట్ అనే ఆయన చేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ లెక్క చూడండి. మూడు లైన్లు, ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండిట్లో మూడేసి పడతాయి. ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీలు తీసి వచ్చిన వరసలో ఐదింటితో బండి కట్టాలి. 6720 రకాలుగా కట్టొచ్చు. ఒక అల్మరా మీద పట్టేస్తుంది.

కరెంటు సంగతి. డీసీసీ, అంటే డిజిటల్ కంట్రోల్, కొనమని వీడియోలన్నీ ఊదరగొడతాయి. ఒకే పట్టా మీద నాలుగు ఇంజన్లని విడివిడిగా నడపాలంటే అది కావాలి. వన్ ట్రైన్ ఓన్లీ లైన్‌కి ఎందుకండీ? మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చాలు. ఆ డబ్బు వైర్లకి పెట్టండి. ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి విడిగా వైరు ఇవ్వండి, ముక్కల్ని కలిపే జాయినర్లని నమ్ముకోవద్దు. మన తేమకి అవి ఎప్పుడు కరెంటు ఆపేస్తాయో తెలియదు. అతికించేటప్పుడు ముక్కల మధ్య విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలండి. పై అంతస్తులో మే నెల ఎండకి పట్టా సాగితే దానికి చోటుండాలి.

భూమి విషయంలో వీడియోలు ఇంకా అన్యాయం. కొండ, సొరంగం, మంచు. డెల్టాలో కొండెక్కడిది? మా వైపు నేల చదును, రైలు కట్ట ఎత్తు, కట్టకి మట్టి తీసిన గుంటల్లో రెండు పక్కలా నీళ్ళు. కాబట్టి పట్టాల కింద అంగుళం మందం థర్మాకోల్ షీటు వేసి మిగతా నేలని కిందే ఉంచండి. ఒక్క ఆ తేడాతోనే చూసినవాడికి ఏ జిల్లానో తెలిసిపోతుంది. థర్మాకోల్‌కి ఫెవికాలే వాడండి, చెప్పులు అతికించే జిగురు రాస్తే కరిగి గుంట పడుతుంది. వరి చేనుకి కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ముక్క కోసి ఆకుపచ్చ రంగు వేస్తే చాలు. కంకరకి ఇల్లు కట్టేచోట రాతి పొడి అడిగి తెచ్చి టీ వడకట్టేదాంతో జల్లించి, పట్టాల మధ్య పోసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి డ్రాపర్‌తో వదలండి. ఆ చుక్క లేకపోతే జిగురు పైనే ముత్యాల్లా నిలబడిపోతుంది, లోపలికి దిగదు.

ఇక మీరడిగిన ఇంజన్. మన రైల్వే ఇంజన్లు హెచ్ఓలో విరివిగా దొరకవు. ఏ దేశపు డీజిల్ అయినా కొని రంగు మార్చుకోవచ్చు. చూడాల్సింది రెండే. అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకోవాలి. బాగా నెమ్మదిగా పాకాలి. అమ్మేవాణ్ణి వీడియో అడగండి: పాయింటు మీదుగా, ఆగకుండా, అడుగు దూరం అరనిమిషంలో వెళ్ళాలి. అసలు లెక్కలో అది గంటకి సుమారు 3 కిలోమీటర్లు, పెట్టెల్ని తగిలించుకోవడానికి కావాల్సిన వేగం. మాకు ఒక షాపువాడు ఇంజన్ ఫుల్ స్పీడులో గుండ్రంగా తిరిగే వీడియో పంపాడు, నెమ్మదిగా నడిపి చూపించమంటే మళ్ళీ ఫోనే ఎత్తలేదు. అలాంటి చోట కొనకండి.