కొండతో పాటు గూడు కూడా పోయింది కదా!

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఐదేళ్లుగా పిల్లలకు నేర్పడంతోనే సరిపోతోంది. ఈ ఏడాది సొంతంగా ఒక్క బొమ్మా పూర్తి చేయలేదు. ఇలాగే పోతే నాలో ఉన్న కాస్తా ఇంకిపోతుందేమోనని టెన్షన్. మీరు కలంకారీ వేస్తూనే పిల్లలకూ నేర్పుతున్నారట. ఎలా కుదురుతోంది?
- ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: టైమ్ పోతుందమ్మా, అబద్ధం చెప్పను. శ్రీకాళహస్తిలో మా ఇంటి వసారాలో వేసవి సెలవుల్లో పది పన్నెండు మంది పిల్లలు కూర్చుంటారు. ఆ రోజుల్లో నా ఆర్డర్లు వెనకబడతాయి, ఇంట్లో చివాట్లు తప్పవు.

అయినా ఎందుకు మానలేదంటే, రెండేళ్ల కిందటి సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతి పాప ఒకతి సంజీవని కొండ మోసుకొస్తున్న హనుమంతుణ్ణి గీస్తోంది. మా కలం అంటే వెదురుపుల్ల. మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తాం. ఆ గుడ్డ రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనలోకి దిగుతుంది. పాప గట్టిగా నొక్కిందేమో, ఆకాశంలో పెద్ద చుక్క పడింది. చింతబొగ్గు గీతయితే దులిపేయొచ్చు. ఇది నల్లరంగు, పోదు. నేనైతే బొమ్మ వేస్తున్న గుడ్డనే పక్కన పడేసేవాణ్ణి. ఆ పిల్ల కాసేపు చూసి, చుక్కకు రెక్కలూ ముక్కూ పెట్టింది.

"ఇదేంటే?" అన్నాను.

"కొండ ఎత్తుకుపోతే దీని గూడు కూడా పోయింది కదా తాతా, వెనకాలే వస్తోంది."

ఆ కొండను నేను ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. చెట్లు పెట్టాను, మూలికలు పెట్టాను. ఆ చెట్ల మీద ఎవరుంటారని ఒక్కసారీ అనుకోలేదు. మర్నాడు ఇంట్లో ఉన్న పాత గుడ్డలన్నీ తీసి చూసుకున్నాను. కిరీటాలు, నగలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒక్క పురుగు కూడా లేదు.

ఇంకొకడు, గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ఎందుకు ముంచాలని అడిగాడు. రంగు పాకకుండా పాలు అని చెప్పగలిగాను. కరక్కాయ సంగతి నా గురువును నేనెప్పుడూ అడగలేదు, అడిగితే వీపు మోగేది. సరే, ముంచని గుడ్డ మీద గీసి చూశాం. ఇనుము, బెల్లం నానబెట్టి చేసిన ఆ రంగు తుప్పు మరకలా ఉండిపోయింది. కరక్కాయ వగరు కలిస్తేనే ఇనుము నల్లబడుతుందని అప్పుడర్థమైంది. ఆ తుప్పురంగు నాకు నచ్చింది. ఇప్పుడు సాయంత్రపు ఆకాశానికి కావాలనే వాడుతున్నాను.

మీరొక పని చేయండి. పిల్లలకు బొమ్మ వేయమని చెప్పి బెంచీల మధ్య తిరగకండి. మీ కాగితం తెచ్చుకుని వాళ్ల పక్కనే కూర్చోండి. వాళ్లకిచ్చిందే మీరూ వేయండి. వాళ్ల గీత దిద్దాలని చెయ్యి దురద పెడుతుంది, ఆ దురద మీ కాగితం మీద తీర్చుకోండి. పరీక్షల రోజుల్లో కుదరదనుకోండి.

అన్నట్టు, ఆ పిట్ట ఇప్పుడు నా హనుమంతుడి వెనకా ఎగురుతోంది. మొన్న గుడ్డ కొనడానికి వచ్చినాయన అది తీసేయమన్నాడు. నల్లరంగు పోదు కదండీ అన్నాను.