మందు లేని పొర పుండును ఎలా మాన్పుతుంది?

ప్రశ్న: డాక్టరమ్మా, గారెలు వేస్తుండగా నూనె చింది ముంజేయి కాలింది. ఆసుపత్రిలో శుభ్రం చేసి పలచటి పొర ఒకటి అంటించారు. అది కొలాజెన్ అట. అందులో మందేమీ లేదట, తనంతట తానే ఊడేదాకా కదిలించవద్దన్నారు. మందు లేకుండా పుండు ఎలా మానుతుంది? మా కోడలు కొలాజెన్ పొడి కూడా తెప్పిస్తానంటోంది. తాగమంటారా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ముందు పొడి సంగతి తేల్చేద్దాం. కొలాజెన్ అంటే చర్మానికి గట్టిదనమిచ్చే ప్రొటీను. కడుపులోకి వెళ్లాక అది కూడా పప్పులోని ప్రొటీన్ల మాదిరిగానే ముక్కలవుతుంది. ఆ ముక్కలు వెళ్లి మీ ముంజేతికి అతుక్కోవు. ఆ డబ్బు గుడ్లకు, కందిపప్పుకు, జామకాయలకు పెట్టండి. మన ఒంట్లో తయారయ్యే కొలాజెన్ గట్టిపడాలంటే సి విటమిన్ కావాలి. అది అందకనే పూర్వం ఓడల్లో నావికులకు మానిన గాయాలు సైతం మళ్లీ విచ్చుకునేవి.

ఇక మీ పొర. రక్తకణాల సంగతి వదిలేస్తే, ఒంట్లోని కణాలు చాలావరకు పట్టు దొరికితేనే పెరుగుతాయి. పట్టు తప్పిన చర్మకణం చచ్చిపోతుంది కూడా. విచిత్రమేమిటంటే ఆ పట్టును అల్లేదీ కణాలే. కొలాజెన్, ఫైబ్రోనెక్టిన్, లామినిన్ వంటి ప్రొటీన్లను స్రవించి తమ చుట్టూ వల పరుస్తాయి. కణం పైపొరలోని ఇంటెగ్రిన్లనే ప్రొటీన్లు ఆ వలను పట్టుకుని, పెరగవచ్చన్న కబురు లోపలికి చేరవేస్తాయి. ఫైబ్రోనెక్టిన్‌లో ఆ పట్టుకు కీలకమైన చోటు ఎంతనుకున్నారు? ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, అంతే! అంత పెద్ద అణువులో వరుసగా మూడు అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్‌ను కట్టే ఇటుకలు మూడే. 1984లో పియర్ష్‌బాకర్, రూస్లాహ్టి అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చారు.

కాలినది మరీ లోతుగా కాకపోతే వెంట్రుకల మొదళ్లలో చర్మకణాలు బతికే ఉంటాయి. అవే పైకి పాకి గాయాన్ని కప్పాలి. గుంటూరు వైద్య కళాశాలలో పాథాలజీ చెప్పిన రోజుల్లో మానుతున్న గాయం స్లైడు చూపించడమంటే నాకు మహా ఇష్టం. పైన ఎండిన పక్కు, కింద బతికున్న కణజాలం, ఆ రెంటి నడుమ సన్నగా చొచ్చుకుపోతున్న చర్మకణాల వరుస. ప్రతి కణం ముందువైపు పట్టుకుంటుంది, వెనకవైపు వదులుతుంది. దారికి అడ్డొచ్చిన కొలాజెన్‌ను కోసే ఎంజైమును తానే స్రవిస్తుంది. పట్టు మరీ బిగిసినా నడక సాగదు. అందుకే గాయమైనచోట టెనాసిన్ అనే ప్రొటీను పుట్టుకొచ్చి పట్టు సడలిస్తుంది, మానాక తగ్గిపోతుంది. అడుగున లామినిన్ పరుచుకున్నాక ప్రయాణం ముగుస్తుంది.

చిక్కుడు తీగకు పందిరి ఎలాగో ఆ కణాలకు మీ పొర అలాగన్నమాట. పైగా తడి ఆరనివ్వదు, నొప్పి తగ్గిస్తుంది. ఇలాంటి పొరలను ఎక్కువగా పశువుల కణజాలం నుంచి శుద్ధి చేసి తీస్తారు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ వీటిపై చాలా పని చేసింది. తోలు అంటేనే ప్రధానంగా కొలాజెన్ కదా!

టూత్‌పేస్టు రాయమనీ, సిరా పోయమనీ ఇరుగుపొరుగు చెబితే వినకండి. పొర కింద నీరు చేరి ఉబ్బినా, చీము వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఆ చేతి గాజులు తీసి ఉంచండి. ఎక్కడైనా అంచు లేస్తే లాగవద్దు, లేచినంత మేరకే శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి.