గుడిమల్లం వెళ్లండి, పొద్దున్నే వెళ్లండి

తిరుమల దర్శనం అయ్యాక ఒక పూట మిగులుతుంది, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారిని గుడిమల్లం తీసుకెళ్లవచ్చా, లేక నేరుగా కాళహస్తికి వెళ్లిపోవడం మేలా అని అడిగారు. పొద్దున్నే బయలుదేరితే రెండూ అవుతాయి. తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా పాపానాయుడుపేట వైపు వెళ్తే గుడిమల్లం, అక్కడి నుంచి ఏర్పేడు మీదుగా కాళహస్తి. బస్సు కోసం ఎదురుచూడకుండా ఆటోనో కారో మాట్లాడుకోండి. ఆటో అయితే తిరుగు ప్రయాణానికీ అప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి.

మాది చిత్తూరు. డిగ్రీలో చరిత్ర పుస్తకంలో గుడిమల్లం గుడిలోని శివలింగం ఫొటో చూశాను, నలుపు తెలుపుల్లో, అగ్గిపెట్టెంత. కింద ‘చిత్తూరు జిల్లా’ అని ఉంది. మా జిల్లాలో రెండు వేల ఏళ్ల నాటి శివుడు ఉన్నాడా అని ఆ రోజంతా అదే ధ్యాస. అయినా వెళ్లడానికి పదకొండేళ్లు పట్టింది. తిరుపతికి ఎన్నిసార్లు వచ్చినా కొండ, గోవిందరాజస్వామి గుడి, అలివేలు మంగాపురం, ఇంటికి బస్సు. అంతే.

చివరికి అమ్మను తీసుకుని వెళ్లాను. మొదటిసారి మధ్యాహ్నం చేరేసరికి తలుపులు వేసేశారు. సాయంత్రం దాకా ఆగే వీలు లేక గోపురం చూసి వెనక్కి వచ్చాం. దారి పొడవునా నాకు ఏడుపొక్కటే తక్కువ. అందుకే పొద్దున్నే వెళ్లమంటున్నాను. రెండోసారి ఎనిమిదిలోపే గుడిలో ఉన్నాం.

గుడి చిన్నది. గర్భగుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది, గజపృష్ఠం అంటారు. చుట్టూ తిరిగి చూడండి. గోడల మీద పల్లవ, బాణ, చోళుల కాలం నాటి శాసనాలున్నాయి. ఆ శాసనాల్లో గుడిమల్లం అన్న పేరే లేదు, ఊరి పేరు తిరువిప్పిరంబేడు. ఇప్పుడున్న రాతి కట్టడం చాలావరకు చోళుల కాలానిది. లింగం దానికన్నా ఎంతో పాతది, క్రీ.పూ. 2 లేదా 1వ శతాబ్దానిదని చాలామంది పండితుల మాట. 1911 ప్రాంతంలో పురావస్తు పండితుడు టి.ఎ. గోపీనాథరావు దాని గురించి రాశాకే బయటి ప్రపంచానికి తెలిసింది.

గర్భగుడి నేల మిగతా గుడికన్నా పల్లంలో ఉంటుంది. మేం ఇవతలే నిలబడి కిందికి చూశాం. ఐదడుగుల ఎత్తున నున్నటి ముదురు రంగు రాయి. దాని ముందు వైపు, రాయిలోంచి బయటికి వస్తున్నట్టు, నిలబడ్డ శివుడు. కుడిచేత్తో పొట్టేలును వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజం మీద గండ్రగొడ్డలి. జంధ్యం లేదు. మనం రోజూ మొక్కే శివుడు ఇలా ఉండడు కదా, నాకు మాట పెగల్లేదు.

అమ్మకు శతాబ్దాల గొడవ పట్టదు. కాసేపు చూసి, “యాటగాడి మాదిరి ఉండాడే సామి, మన కన్నప్ప లాగా” అంది. కన్నప్ప కన్ను పెకలించి ఇచ్చిన కాళహస్తి అక్కడికి ఎంతో దూరం లేదు. నేను పుస్తకాల్లో చదివిన దేనికన్నా ఆ మాటే నాకు ఎక్కువ నచ్చింది.

లోపల వెలుతురు తక్కువ. మేం అలంకారానికి ముందే వెళ్లాం కాబట్టి రూపమంతా కనిపించింది. పూలదండలు పడ్డాక అంత బాగా కనిపించదు. అయ్యవారిని నిదానంగా అడిగితే, “కొంచెం పక్కకు జరగండమ్మా, పాదాలు చూపిస్తా” అని హారతి పళ్లెం కిందికి దించారు. అప్పుడు కనిపించాడు యక్షుడు. ముడుచుకుని కూర్చున్న వాడి భుజాల మీదే స్వామి నిలబడి ఉన్నాడు. లింగం చుట్టూ చదరంగా రాతి కంచె. అది 1973లో జరిగిన తవ్వకాల్లో బయటపడిందట.

అరవై ఏళ్లకోసారి గర్భగుడిలోకి అడుగునుంచి నీళ్లు ఉబికి లింగాన్ని ముంచేస్తాయని ఊళ్లో వాళ్లు చెబుతారు. 2005 డిసెంబరులో అలా నీళ్లు వచ్చినప్పుడు చూశామని ఒక పెద్దాయన మాకు కళ్లకు కట్టినట్టు చెప్పారు. స్వర్ణముఖి దగ్గర్లోనే ఉంది మరి.

నాన్నగారి మోకాళ్ల గురించి టెన్షన్ పడకండి. తిరుమల క్యూలో నిలబడ్డంతసేపు ఇక్కడ నిలబడే పని లేదు. మేం వెళ్లిన రోజు మాతో కలిపి ఆరేడుగురే ఉన్నారు. అలిసిపోతే మండపంలో కూర్చోవచ్చు, అమ్మ అలాగే కూర్చుంది. ఫొటోలు లోపల తీయనివ్వరు, ఫోన్ జేబులోనే ఉంచుకోండి.

ఒక్క పని మాత్రం చేయండి. బండిలో ఉండగానే నాన్నగారికి యక్షుడి సంగతి చెప్పండి. లేకపోతే చూపు స్వామి ముఖం దగ్గరే ఆగిపోయి, హారతి పాదాల దాకా వచ్చేసరికి వెనక్కి తిరిగేస్తారు.