వీడియో కాల్‌లో మాత్రల షీటు చూపించండి

ప్రశ్న: మా నాన్నకు 64 ఏళ్లు. ఆరు వారాల క్రితం గుండెపోటు వస్తే విశాఖపట్నంలో స్టెంట్ వేశారు. ఉండేది పలాస దగ్గర పల్లెలో. ప్రతిసారీ అంత దూరం రానక్కర్లేదు, వీడియో కాల్‌లో చూస్తామన్నారు. ఈయనేమో డాక్టరుగారు ఏమడిగినా ‘బాగానే ఉంది సార్’ అని రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఒకటే టెన్షన్. ఇలా చూపిస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, ‘బాగానే ఉంది’ అనే మాట నేను రోజూ వింటాను. వినగానే మాత్రల షీట్లు తెచ్చి చూపించమంటాను. ఒక పెద్దాయన అలా చూపిస్తే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కొత్త షీటులో ఒక్క మాత్ర కూడా తగ్గలేదు. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని నాలుగు రోజులుగా మానేశారట! ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే ఆ రెండో మాత్ర మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి మళ్లీ పోటు రావచ్చు. మామూలుగా ఏడాదిపాటు వాడాలి. పన్ను పీకించుకోవాలన్నా గుండె డాక్టరుని అడగకుండా ఆపకూడదు.

కాల్ వచ్చేటప్పుడు మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టండి. రాత్రిళ్లు ఆయాసంతో లేచి కూర్చుంటున్న సంగతి ఆయన చెప్పరు, ఆవిడ చెబుతారు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి, వేలు తీశాక కాలిలో నీరు చేరి గుంట పడిందేమో కెమెరా దగ్గరగా చూపించమనండి. రోజూ పొద్దున్నే టిఫిన్‌కి ముందు బరువు చూసి క్యాలెండర్‌లో రాయాలి. రెండు మూడు రోజుల్లోనే 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. కాల్ తేదీ దాకా ఆగకుండా ఆరోజే ఫోన్ చేయండి. బీపీ కూడా అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూడాలి, టీ తాగిన వెంటనే కాదు.

ఈసీజీ, రక్తపరీక్షలు దగ్గర్లో చేయించి ఫొటోలు పంపవచ్చు. గుండెకి తీసే స్కాన్, ఎకో మాత్రం ఫోన్‌లో అయ్యేది కాదు, రమ్మన్న తేదీకి తీసుకెళ్లండి.

ఛాతీలో బరువు, చల్లటి చెమటలు, ఎడమచెయ్యి లాగడం, వీటిలో ఏదొచ్చినా వీడియో కాల్ కోసం చూడొద్దు. గ్యాస్ అనుకుని సోడా తాగించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పాత ఈసీజీ, డిశ్చార్జి కాగితం ఒక కవర్లో పెట్టి తలుపు పక్కన మేకుకి తగిలించమనండి.

వచ్చే కాల్‌కి ఫోన్ మాత్రం అమ్మగారి చేతిలో ఉండాలి.