ఆర్కన్సాలో సీటు వచ్చిందా? ఏ మూలో ముందు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తిచేసింది. వరి మీద ఎంఎస్ చేయాలని ఆశ. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం నుంచి రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి ఫాయెట్‌విల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఆర్కన్సా, రెండోది జోన్స్‌బొరోలోని ఆర్కన్సా స్టేట్ యూనివర్సిటీ. సముద్రం కూడా లేని ఆ చిన్న రాష్ట్రంలో ఏముంటుందని బంధువులు అంటున్నారు. ఎలాగూ రెండూ ఒకే రాష్ట్రం కాబట్టి ఫీజు తక్కువున్నచోటికి పంపొచ్చా?
- ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

జవాబు: వరి చదవాలనుకునే పిల్లకు అమెరికాలో అంతకంటే తగిన రాష్ట్రం లేదండీ. ఆ దేశంలో పండే వరిలో దాదాపు సగం ఆర్కన్సాదే. చిన్నదీ కాదు. 1,37,700 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే పెద్దది. జనం మాత్రం 2020 లెక్కల్లో 30 లక్షలే. సముద్రం లేకపోయినా తూర్పు సరిహద్దులో చాలా భాగం మిసిసిపి నదే. ఆర్కన్సా నదిలోనూ 1971 నుంచి లాకుల మీదుగా సరుకు పడవలు నడుస్తున్నాయి. ధాన్యం ఆ దారిలోనే సముద్రానికి చేరుతుంది.

కానీ 'ఒకే రాష్ట్రం కదా' అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. మ్యాప్ తెరిచి ఈశాన్య మూల నుంచి నైరుతి మూలకు ఒక గీత గీయండి. గీతకు పైన ఓజార్క్, వాషిటా కొండలు. కింద పల్లపు నేల. అందులో తూర్పు భాగం మిసిసిపి ఒండ్రు వేసింది, వరి దాదాపు అంతా అక్కడే. రాజధాని లిటిల్ రాక్ ఈ రెండూ కలిసే చోట ఉంది. ఫాయెట్‌విల్ కొండల్లో, వాయవ్య మూలన. జోన్స్‌బొరో ఈశాన్యాన ఒక సన్నటి మిట్ట మీద, చుట్టూ పొలాలే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కారులో నాలుగైదు గంటలు పడుతుంది.

ఆ వరి మన గోదావరి వరిలా ఉండదు. నారుమడి లేదు, ఊడ్పులు లేవు. పొడి దుక్కిలో డ్రిల్లుతో, అంటే విత్తే యంత్రంతో, విత్తనం వేస్తారు. నాలుగైదు ఆకులు తొడిగాక యూరియా వేసి నీరు పెడతారు. యూరియా వేశాక నీరు పెట్టడం ఆలస్యమైతే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, అందుకే ఆ కొద్ది రోజుల మీద ఎంతో పరిశోధన జరుగుతుంది. దిగుబడి ఎకరాకు సగటున 7,500 పౌండ్ల దరిదాపు, మన లెక్కలో 75 కిలోల బస్తాలు 45. పల్లపు నేలలోని స్టట్‌గార్ట్ అనే ఊరి ప్రాంతంలో పైమట్టి కింద గట్టి బంకమట్టి పొర ఉండటంతో నీరు కిందికి ఇంకదు, వరి అక్కడ నిలదొక్కుకోవడానికి కారణం అదే. కష్టం ఎక్కడంటే, ఆ నీరు ఎక్కువగా బోర్లది, భూగర్భ జలమట్టం ఏటా పడిపోతోంది. తక్కువ నీటితో, సాళ్లలో తడి పెట్టి పండించడం ఇప్పుడక్కడ ముఖ్యమైన పని. మీ అమ్మాయి ఆ పని నేర్చుకుంటే రేపు మన బోరు కింది వరికీ అక్కరకొస్తుంది.

కాబట్టి ఫీజు కంటే ముందు ప్రొఫెసర్లిద్దరికీ మెయిల్ పెట్టించండి. పొలం ప్లాట్లు ఎక్కడ? సీజన్‌లో ఎన్ని వారాలు అక్కడ ఉండాలి? అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తే యూనివర్సిటీ ఇచ్చే జీతం) ఉత్తరం ఇస్తారా, అందులో ట్యూషన్ ఫీజు మాఫీ ఉందా? ఫాయెట్‌విల్‌లో చేరినా వరి ప్లాట్లు నాలుగు గంటల దూరంలో స్టట్‌గార్ట్ పరిశోధన కేంద్రంలో ఉండొచ్చు. జన్యుశాస్త్రం, బియ్యం నాణ్యత, ల్యాబ్ పని ఇష్టమైతే ఫాయెట్‌విల్‌కే నా ఓటు. రోజూ పొలంలో ఉండాలంటే జోన్స్‌బొరోనే పొలాలకు దగ్గర. అసిస్టెంట్‌షిప్ లేకుండా మాత్రం రెండింటిలో దేనికీ తొందరపడకండి.

ఉద్యోగాలూ ఈ గీత ప్రకారమే. వాయవ్యాన బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్, స్ప్రింగ్‌డేల్‌లో మాంసం కంపెనీ టైసన్ ఫుడ్స్ కేంద్ర కార్యాలయాలు ఉన్నాయి. స్టట్‌గార్ట్‌లో రైతుల సహకార సంస్థ రైస్‌ల్యాండ్ ఉంది. ఫాయెట్‌విల్‌లో యూనివర్సిటీ బస్సు ఉచితం, ఊరు దాటితే కారు లేనిదే కదల్లేరు. ఇక్కడే డ్రైవింగ్ నేర్పించి పంపండి.

వసంతంలో సుడిగాలుల భయం ఉంటుంది. ఫోనుకు 'వాచ్' (సుడిగాలి వచ్చే వీలుంది) అని వస్తే జాగ్రత్తగా ఉండాలి, 'వార్నింగ్' (సుడిగాలి వచ్చేసింది) అని వస్తే ఆ క్షణమే కింది అంతస్తులో కిటికీలు లేని గదిలోకి వెళ్లాలి. అపార్ట్‌మెంట్ చూసేటప్పుడే అలాంటి గది ఉందో లేదో అడగమనండి.

రెండు చిన్న సంగతులు. రాష్ట్రం పేరులో చివరి 'ఎస్' పలకరు, 1881లో అక్కడి శాసనసభ తీర్మానించిన ఉచ్చారణ అది. వీసా ఇంటర్వ్యూలో సరిగ్గా పలకమనండి. ఇక టికెట్: ఫాయెట్‌విల్ అనే ఊరు నార్త్ కెరొలైనాలో కూడా ఉంది, దాని విమానాశ్రయం కోడ్ ఎఫ్ఏవై. మీకు కావాల్సిన వాయవ్య ఆర్కన్సా విమానాశ్రయం కోడ్ ఎక్స్ఎన్ఏ. జోన్స్‌బొరో అయితే పక్క రాష్ట్రం టెన్నెసీలోని మెంఫిస్‌లో దిగాలి, అక్కడి నుంచి రోడ్డు మీద 110 కిలోమీటర్లు.

విద్యార్థి వీసాకు ముందు అమెరికా ప్రభుత్వానికి కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు, మీరు తీసుకునే ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) నంబరు మీదే కట్టాలి. ప్రొఫెసర్ల జవాబులు వచ్చి, యూనివర్సిటీ ఖాయమయ్యాకే కట్టండి.